మున్నేటి రేవులో నా బోర్డు

ఊటీ వెళ్ళొస్తే ఫొటోలు అడుగుతారు. కాశీ వెళ్ళొస్తే దారం అడుగుతారు. జగ్గయ్యపేట, నందిగామ తిరిగొచ్చానని చెబితే మా తాడేపల్లిగూడెం బజారులో అందరూ అడిగిన మాట ఒకటే: "ఎవరైనా పోయారా?"

ఎవరూ పోలేదండి. పెళ్ళీ లేదు, చావూ లేదు, మొక్కూ లేదు. మూడు రోజులు సొంత ఖర్చుతో వెళ్ళి పురుగుమందుల ఖాళీ డబ్బాలు చూసొచ్చా. నవ్వుకునేవాళ్ళు ఇక్కడే నవ్వేసుకోండి. మా ఆయన ఇప్పటికే నవ్వేశాడు, మీరు రెండోవాళ్ళు.

సంగతి ఇది. హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉన్న విజయ ఇప్పుడు నందిగామ దగ్గర హైస్కూల్లో సైన్సు టీచరు. వాళ్ళ బడికి కూతవేటు దూరంలో మున్నేరు. ఆ ఏరు తెలంగాణలోంచి దిగి వత్సవాయి పక్కనుంచి నందిగామ వైపు వచ్చి, కీసర దాటాక కృష్ణలో కలుస్తుంది. రెండేళ్ళ కిందట విజయ సరిహద్దు అవతలి బడితో ఒక ఒప్పందం చేసుకుంది. పై బడి పిల్లలు వాళ్ళ రేవులో, కింది బడి పిల్లలు వీళ్ళ రేవులో ప్రతి శనివారం ఏటిని చూడాలి. నీళ్ళ రంగేంటి, నురగ ఉందా, నత్తలున్నాయా, చేపపిల్లలు కదులుతున్నాయా అని ఎవరి పుస్తకంలో వాళ్ళు రాయాలి. నెలకోసారి పుస్తకాలు మార్చుకోవాలి. దీనికి మూడో చెయ్యి కూడా ఒకటి కావాలంది విజయ. జగ్గయ్యపేటలో పురుగుమందులమ్మే కొట్లు ఖాళీ డబ్బాలు వెనక్కి తీసుకుంటే చేలగట్ల మీదా ఏట్లోనూ పడకుండా ఉంటాయి కదా అని.

కొట్టువాళ్ళని ఒప్పించడం టీచర్ల వల్ల అయ్యే పని కాదు. అందుకని నన్ను పిలిచింది. నేను పుట్టింది కిరాణా బస్తాల మధ్య, ఇప్పటికీ కూర్చునేది మా కొట్టు గల్లాపెట్టె ముందు. పైగా మా అమ్మ పుట్టిల్లు జగ్గయ్యపేట. నాలుగు కొట్లని ఒక్క పూటలో ఒప్పించి, బోర్డు కూడా నేనే రాయించి వచ్చేశా. ఆ గొప్ప రెండేళ్ళు చెప్పుకున్నా.

మొన్న విజయ ఫోను. "కొట్లవాళ్ళు మానేస్తారటే. సోమవారం మా బళ్ళో మీటింగు. వాళ్ళు తప్పుకుంటే డబ్బాలు మళ్ళీ ఏట్లోకే. మా శనివారం ఏటి చదువు కూడా ఆపెయ్యమంటున్నారు. నువ్వొచ్చి మాట్లాడు."

బేరం చెడిందంటే నాకు అన్నం సహించదు. శనివారం పొద్దున్నే బయల్దేరా.

జగ్గయ్యపేట: మామయ్య కొట్టు

బస్సు దిగగానే ఆకలి. మా గోదావరి వైపు ఇడ్లీ అంటే కొబ్బరి పచ్చడిలో మునిగి ఉండాలి. ఇక్కడ ఇడ్లీ మీద కారప్పొడి చల్లి, దాని మీద నెయ్యి పోసి ఇచ్చారు. నలభై రూపాయలు. రెండో ముద్దకే నాకు కళ్ళల్లో నీళ్ళు. పక్క బల్ల మీద ఒక పెద్దాయన అదే పొడి ఇంకో చెంచా వేయించుకుంటున్నాడు.

"ఏ ఊరమ్మా?" అన్నాడు.

"తాడేపల్లిగూడెం అండి."

"ఆహా, కూరలో బెల్లం వేసేవాళ్ళా," అని నా నీళ్ళ గ్లాసు నింపాడు. జాలి పడ్డాడో వెక్కిరించాడో తెలీలేదు. మా కాలవ నీళ్ళ ఊళ్ళని తక్కువ చెయ్యొద్దని గట్టిగా చెబుదామనుకున్నా. నోరు మంట పెడుతుంటే రోషం సరిగ్గా పలకదు.

మా సుబ్బారావు మామయ్య కొట్టు మెయిన్ బజారులో ఉంది. అమ్మకి పెదనాన్న కొడుకు. నాలుగు కొట్లలోకీ పెద్దది ఆయనదే, ఆయన తలూపితే మిగతా ముగ్గురూ ఊపుతారు. ఆ కొట్లో అడుగుపెడితే మందు వాసన గొంతులోకి దిగుతుంది. మామయ్య అందులోనే కూర్చుని నలభై ఏళ్ళుగా టీ తాగుతున్నాడు.

"రా కోడలా, రా. బస్సు దొరికిందా? టీ చెప్పనా?"

"టీ తర్వాత. మానేస్తున్నారట?"

"వచ్చీ రాగానే దెబ్బలాటేనా! అచ్చం మీ అమ్మ." గల్లాపెట్టె మీద మోచేతులు ఆనించి గొంతు తగ్గించాడు. "కింద నందిగామ పిల్లలు పుస్తకంలో చేపలు చస్తున్నాయని రాశారు. పురుగుమందు అనుమానం అని కూడా రాశారు. రేపు ఏ పేపరువాడో చూశాడనుకో, మొట్టమొదట ఎవరి ఫొటో వేస్తాడు? మాది. డబ్బాలు ముట్టుకోనన్నాళ్ళూ మా జోలికి ఎవడూ రాలేదు. మంచి చెయ్యబోయి దొరికిపోయాం."

అబద్ధం చెప్పకూడదు, నాకది సబబుగానే అనిపించింది. నేనైనా అలాగే ఆలోచిస్తా. కొట్టువాడికి పేరు పోతే సరుకు పోయినట్టే.

మాట్లాడుతూ మాట్లాడుతూ తలెత్తి చూశా. గుమ్మం మీద నా బోర్డు. పసుపు మీద ఎరుపు. "కడిగిన డబ్బాలే తీసుకోబడును." రెండేళ్ళ ఎండకి కూడా వెలవలేదు. నాకు ఛాతీ కొంచెం పొంగింది.

దాని కథ చెప్పాలి. విజయ నాలుగు వాక్యాలు కాగితం మీద రాసిచ్చింది. బోర్డు రాసేవాడు అక్షరానికి ఎనిమిది రూపాయలన్నాడు. ఆరుకి తెచ్చా. నాలుగు బోర్డులు, నాలుగేసి వాక్యాలు! మనసొప్పలేదు. "ఇంత పురాణం ఎవరు చదువుతారయ్యా" అని పై మూడు వాక్యాలూ పెన్నుతో కొట్టేసి, ఆఖరి వాక్యాన్ని మూడు మాటలకి కుదించా. మా గూడెంలో "చిల్లర తెచ్చుకోండి" అని రెండు మాటలు రాస్తే ఊరంతటికీ అర్థమవుతుంది. విజయ అప్పుడు ఇన్విజిలేషనుకి వెళ్ళి ఊళ్ళో లేదు. తిరిగొచ్చి బోర్డు చూసి మూతి ముడిచింది గానీ, బోర్డు ఉంటే చాలులే అని ఊరుకుంది.

"సోమవారం నందిగామ రా మామయ్యా. అక్కడే తేల్చుకుందాం."

"వస్తా. కానీ నీకు చెప్పొచ్చేదేంటంటే, ఇది తెగిన బేరం."

తెగిన బేరాన్ని అతకడం నాకు కొత్త కాదనుకున్నా. ఎంత ధీమా చూడండి.

గరికపాడు: రెండు పుస్తకాలు

సాయంత్రం గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ధాబాలో అవతలి బడి హెడ్మాస్టరు యాదగిరి సార్ని కలిశా. ఆయన కాపురం కోదాడ, నాకు బస జగ్గయ్యపేట, ఇద్దరికీ ఇదే మధ్య చోటు. హైవే మీద లారీలు బారులు తీరి ఉన్నాయి. నులకమంచాల మీద డ్రైవర్లు నడుం వాల్చారు. నేను అన్నం అడిగితే ధాబావాడు నన్ను వింతగా చూసి రోటీ, పప్పు తెచ్చాడు. పప్పు బావుంది. రోటీ తినేసరికి నా దవడలు నొప్పెట్టాయి. మేం పొద్దుటా రాత్రీ అన్నం తినేవాళ్ళం, దవడకి పనిచెప్పే అలవాటు లేదు.

యాదగిరి సారు సంచిలోంచి వాళ్ళ పిల్లల పుస్తకం తీశాడు. విజయ పంపిన కింది బడి పుస్తకం నా దగ్గరుంది. రెండూ మంచం మీద పక్కపక్కన పెట్టాం. పక్క మంచం మీది డ్రైవరు లేచి కూర్చున్నాడు.

"ఏం సారూ, పరీక్ష పేపర్లా?"

"ఏటికి మార్కులేస్తున్నం," అన్నాడు సారు, తలెత్తకుండానే.

"పాసయ్యిందా?"

"పైన పాసు. కింద ఫెయిలు."

నిజంగానే అలా ఉంది. ఒకే శనివారం, పై పుస్తకంలో: నీళ్ళు తేట, నత్తలు ఉన్నాయి, చేపపిల్లలు గుంపుగా. కింది పుస్తకంలో: నురగ, నత్తలు లేవు, చేపపిల్లలు తెల్లగా తేలాయి, ఇరవై దాకా. ఒక్కసారి కాదు. ఈ మందుకొట్టే కాలంలోనే నాలుగుసార్లు. కింది బడి పిల్లల దస్తూరీ కూడా ఆ రోజుల్లో కోపంగా ఉంది, పెన్ను కాగితాన్ని చించినంత.

"చూసిండ్రా మేడం? ఒక్క బడే రాసుంటే ఎవ్వలు నమ్మకపోదురు. రెండు పుస్తకాలు పక్కపక్కన పెడితే ఏరే చెప్తున్నది. మా కాడ మంచిగనే ఉంది, మీ కాడ ఖరాబైంది. అంటే ఖరాబైతున్నది నడుమ."

"నడుమ ఏముంది?"

"వత్సవాయి." పుస్తకం మూసి నా వైపు జరిపాడు. "అది మీ రాష్ట్రం. నేనొచ్చి అడిగితే, నువ్వెవడివి అంటరు. మీరు పోయి సూడుండ్రి."

మాటలో ఎత్తిపొడుపు లేదు, అయినా నాకు గుచ్చుకుంది. సరిహద్దు అవతలి మనిషి పని మానుకుని మా వైపు చేపల గురించి వెతుకుతున్నాడు. నేనేమో బోర్డు మీద ఎరుపు రంగు వెలవలేదని మురిసిపోయి వచ్చా.

వత్సవాయి: సీతాఫలాలు, రేవు

ఆదివారం పొద్దున వత్సవాయి బస్సు. కిటికీలోంచి ఒకవైపు పత్తి, ఇంకోవైపు వరి. మా డెల్టాలో పొలం అంటే బల్లపరుపు, కంటికి అడ్డుండదు. ఇక్కడ నేల లేస్తూ దిగుతూ ఉంటుంది. చేనుకి నీళ్ళు ఎక్కించడానికి ఒక్కో రైతు ఎంత పైపు పరిచాడో చూస్తే, మా కాలవ మీద మేం పడే గొడవలు సిగ్గనిపించాయి.

బస్టాండులో ఒకామె సీతాఫలాల బుట్ట నూట యాభై అంది. ఎనభైకి తెచ్చా. రెండుసార్లు వెళ్ళిపోయినట్టు నటించి మరీ తెచ్చా. నలుగురు చూస్తుండగా గెలిచా కాబట్టి మరింత సంతోషం. బుట్ట చంకనపెట్టుకుని మున్నేటి దారి పట్టా. సగం దూరంలో చెప్పు తెగింది. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఎత్తెత్తి వేస్తూ, బుట్టతో సహా రేవులోకి దిగా. పర్యావరణాన్ని కాపాడ్డానికి వచ్చిన మనిషి అలా ఉంటుందని ఎవరూ అనుకోరు.

రేవులో ఐదుగురు ఆడవాళ్ళు కూర్చుని గిన్నెలు తోముతున్నారనుకున్నా. దగ్గరికెళ్తే గిన్నెలు కావు. గోనెసంచుల నిండా మందు డబ్బాలు. తెల్లవి, నీలంవి, పచ్చ మూతలవి. ఒక్కోటీ నీళ్ళల్లో ముంచి, ఇసక వేసి, ఊపి, ఒంపేస్తున్నారు. ఒంపిన చోట నీళ్ళు పాలలా తెల్లబడి, సన్నగా సాగి, కిందికి పోతున్నాయి. నందిగామ వైపు.

"ఏం చేస్తున్నారండీ?" అన్నా.

అందరిలో పెద్దామె తలెత్తింది. నలభై అయిదేళ్ళుంటాయి. చీర కుచ్చిళ్ళు ఎగదోపి మోకాలి లోతు నీళ్ళల్లో ఉంది. తర్వాత తెలిసింది పేరు కోటమ్మని, ఆ కూలి ముఠాకి ఆవిడే పెద్దని.

"కనపట్టంలా? డబ్బాలు కడుగుతున్నాం."

"ఏట్లో ఎందుకు?"

"ఇంట్లో కడిగితే మా పిల్లలు చస్తారు కదా." మిగతావాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "జగ్గయ్యపేటలో కొట్టు మీద రాశారంట, కడిగితేనే తీసుకుంటాం అని. ఆసాములు మా మొహాన పడేసి, కడిగి ఇచ్చి రండి అంటారు. పది డబ్బాలకి ఒక ఒంటిసబ్బు ఇస్తారు కొట్లో."

"సబ్బు మీకేనా?"

"సబ్బు వాళ్ళింటికి. మంట మా చేతులకి." అరచేతులు చాపింది. వేళ్ళ సందుల్లో చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది.

నేను కొట్టేసిన మూడు వాక్యాలు నాకు కంఠతా వచ్చు. ఆ క్షణం దాకా అవి నాకు అక్షరానికి ఆరు రూపాయలు, అంతే. విజయ రాసింది ఇదీ: "మందు కలిపేటప్పుడే డబ్బాలో మూడుసార్లు నీళ్ళు పోసి గిలకరించండి. ఆ నీళ్ళు మందు ట్యాంకులోనే పొయ్యండి. చెరువులో, కాలవలో, ఏట్లో కడగవద్దు. అలా కడిగిన డబ్బాలే ఇక్కడ తీసుకుంటాం."

నేను ఉంచింది ఆఖరి ముక్క. చేపలు తేలింది ఆ ముక్కకే.

బుట్ట ఇసకలో దించా. "ఆ బోర్డు రాయించింది నేనేనమ్మా," అన్నా.

కోటమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. తెగిన చెప్పు దగ్గర కాసేపు ఆగింది. "అయితే మా చేతుల మీద మందు కొట్టింది నువ్వన్నమాట."

ఔనన్నా. పోయిన వాక్యాలు చెప్పా. ఆవిడ వింటూ వింటూ చేతిలో డబ్బా పక్కన పెట్టేసింది.

"మందు కలిపేది ఆసామి. కొట్టేది మగోళ్ళు. ట్యాంకు మా ఆడోళ్ళ చేతికి రాదు. వాళ్ళు కలిపేటప్పుడే కడిగేస్తే ఇక మా దాకా ఏం వస్తాయి?"

"ఏమీ రావు."

"మరి అది రాయించు. కడిగేది మందు కలిపినోళ్ళు, కూలోళ్ళు కాదు అని రాయించు. లేకపోతే నువ్వు ఎన్ని లైన్లు రాసినా మళ్ళీ మా మొహానే కొడతారు."

విజయ నాలుగు వాక్యాల్లో లేని అయిదో వాక్యం అది. చదువుకున్నవాళ్ళకి తట్టలేదు, కొట్టువాళ్ళకి తట్టలేదు, రేవులో దొరికింది.

"రేపు నందిగామలో మీటింగు. నువ్వొచ్చి చెబుతావా?"

"కూలి పోద్ది."

నేను నోరు తెరిచేలోపే చెయ్యి అడ్డం పెట్టింది. "నీ డబ్బులొద్దు. పోతే పోయిందిలే, వస్తా. కానీ కుర్చీ వెయ్యాలి. కింద కూర్చోబెట్టి మాట్లాడిస్తే నేను మాట్లాడను."

సరేనన్నా. వెళ్ళబోతుంటే నా బుట్టలోంచి ఒక సీతాఫలం తీసి తిప్పి చూసింది. "ఎంతకి కొన్నావు?"

"ఎనభై! రెండుసార్లు వెళ్ళిపోయినట్టు నటిస్తే వెనక్కి పిలిచి మరీ ఇచ్చింది."

"కళ్ళు విచ్చుకోని కాయలు. పండవు. ఊరికే ఇచ్చినా తీసుకోరు." మొదటిసారి నవ్వింది. మిగతా నలుగురూ నవ్వారు. నేనూ నవ్వా, ఇంకేం చేస్తాను. అయితే ఒక్కటి, నేను కదిలేటప్పటికి డబ్బాలు మళ్ళీ సంచుల్లోకి వెళ్ళాయి. మిగిలినవి కడగలేదు.

నందిగామ: కుర్చీ

సోమవారం విజయ ఇంట్లో తొందరగా భోజనం. ఉలవచారు, దాని మీద మీగడ. మా వైపు దీన్ని ఎవరైనా పెడితే పశువుల దాణా అనుకునేవాళ్ళున్నారు. వాళ్ళని నేనిక మనుషుల్లో లెక్కెయ్యను. మూడుసార్లు వేయించుకున్నా. తింటూనే విజయకి అంతా చెప్పా. కోప్పడుతుందనుకున్నా. ముద్ద కలుపుతూ, "నేను అప్పుడే తిరిగి రాయించాల్సింది. నీ నోటికి భయపడి ఊరుకున్నా," అంది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

బడి హాల్లో కుర్చీలు ఏడు. కొట్లవాళ్ళు నలుగురు, యాదగిరి సారు, విజయ, నేను. కోటమ్మ సమయానికి వచ్చింది, ఉతికిన చీర కట్టుకుని. గుమ్మం దగ్గర నిలబడి కుర్చీలు లెక్కపెట్టింది. నేను లేచేలోపే విజయ స్టాఫ్ రూముకి పోయి ఎనిమిదోది మోసుకొచ్చి మామయ్య పక్కన వేసింది. మామయ్య కొంచెం పక్కకి జరిగాడు. కోటమ్మ కూర్చుంది.

మామయ్యే మొదలెట్టాడు. రేవులో చూసింది రాత్రే ఆయనకి ఫోన్లో చెప్పా, బోర్డు మాట తప్ప. "తప్పు ఎవరిదీ కాదండీ. కూలి జనానికి తెలీక ఏట్లో కడిగారు. అదే రాసుకుని పెద్దమనుషుల్లా ముగించేద్దాం. మేమూ తప్పుకుంటాం, పిల్లలూ ఆ పుస్తకాలు పక్కన పెట్టేస్తారు."

"తెలీక కాదు మామయ్యా, చెప్పింది చేశారు," అని లేచా. "తప్పు నాది. డబ్బాల్ని ఏట్లోకి పంపింది నా బోర్డు." విజయ తన ఫైల్లో దాచి ఉంచిన ఆ పాత కాగితం చదివా. నేను పెన్నుతో కొట్టేసిన గీతలు కూడా అందరికీ చూపించా. నాకు తెలిసినవాళ్ళ ముందు అంత పరువు ఎప్పుడూ పోగొట్టుకోలేదు.

విచిత్రం ఏంటంటే కొట్లవాళ్ళ మొహాలు వెలిగాయి. మామయ్య తొడ చరిచాడు. "అంతేనా! బోర్డు మారిస్తే పోయే దానికి ఇంత రభస దేనికి? నాలుగు లైన్లూ రాయిద్దాం. ఖర్చు కూడా మాదే కోడలా!"

గెలిచేశా అనుకున్నా. అప్పుడు కోటమ్మ, "నా లైనో?" అంది.

చదివా. "డబ్బా కడగాల్సింది మందు కలిపినవాళ్ళే. అది కూలీల పని కాదు."

మామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అది మాత్రం వద్దు కోడలా."

"ఎందుకొద్దు?" అంది కోటమ్మ.

ఆవిడకి కాక నాకే చెప్పాడు. "మా కొట్టుకొచ్చేది ఆసాములు. గుమ్మం మీద వాళ్ళకి పని చెప్పే బోర్డు పెడితే, నువ్వెవడివిరా నాకు చెప్పడానికి అని గుమ్మం ఎక్కకుండా పక్క కొట్టుకి పోతాడు. ఆ ఒక్క లైనూ తీసెయ్. నాలుగు లైన్లు మావి, ఖర్చు మాది, డబ్బాలు ఎప్పటిలాగే తీసుకుంటాం. పుస్తకాల జోలికి రాం. ఒక్క లైనే."

మీరు కొట్టు మీద పుట్టకపోతే మీకు తెలీదు అది ఎంత మంచి బేరమో. విజయ శనివారం చదువు నిలబడుతుంది, పిల్లల పుస్తకాలు నిలబడతాయి, నా చేతినుంచి పైసా పోదు. ఒక్క లైను. లైన్లు కొట్టెయ్యడంలో నాకున్న అనుభవం అక్కడ ఎవరికీ లేదు.

కోటమ్మ నా వైపు చూడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది.

"తీయను మామయ్యా," అన్నా.

"ఆలోచించు."

"రెండేళ్ళ కిందట ఆలోచించకుండా తీశా. ఇప్పుడు ఆలోచించే చెబుతున్నా. ఈ లైను లేని బోర్డు నాకొద్దు. ఏటిని కాపాడతాం, ఈమె చేతుల్ని వదిలేస్తాం అంటే దాని పేరు పర్యావరణం కాదు, చాకిరీ."

అని సంచి తీసుకుని నడిచా. మా బజారులో ఇది అందరికంటే పాత ఎత్తు. కొనేవాడు వెళ్ళిపోతున్నట్టు మెట్లు దిగాలి, మూడో మెట్టు దాటకముందే కొట్టువాడు వెనక్కి పిలుస్తాడు. ఒక మెట్టు దిగా. రెండో మెట్టు. మూడో మెట్టు మీద కొంచెం ఆగా కూడా. ఎవరూ పిలవలేదు. గేటు దాకా వచ్చేశా. మామయ్య కూడా కొట్టువాడే అన్న సంగతి మర్చిపోయా.

వెనక అడుగుల చప్పుడు. కోటమ్మ. "పిలవలేదుగా?" అంది.

"లేదు."

"సీతాఫలాలామె నయం," అని నవ్వింది.

విజయా, యాదగిరి సారూ వచ్చారు. కొట్లవాళ్ళు వెళ్ళిపోయారు. డబ్బాలు ఎక్కడ పెడతామో మాకు తెలీదు. బళ్ళో పెట్టలేం, పిల్లలుండే చోటు. అయినా బోర్డు ఆపలేదు. బడి ప్రహరీ రోడ్డు మీదకే ఉంది. పత్తి ట్రాక్టర్లన్నీ దాని ముందునుంచే పోతాయి. బస్టాండు నుంచి బోర్డులు రాసే ఆయన్ని పట్టుకొచ్చాం. నాలుగో లైన్లో 'ఇక్కడ' అన్నచోట 'వెనక్కి' అని విజయ దిద్దింది.

"అయిదు లైన్లా?" అన్నాడు ఆయన. "తగ్గించకూడదా?"

"ఒక్క అక్షరం తగ్గినా ఊరుకోను," అన్నా. నా నోటి నుంచి ఆ మాట రావడం విజయ ఫోన్లో రికార్డు చెయ్యాల్సింది.

"అక్షరాలు సరే. మా ఆసాముల్లో చదవనోళ్ళే సగం," అంది కోటమ్మ. "బొమ్మెయ్. ట్యాంకులోకి డబ్బా ఒంపుతున్నట్టు. మూడుసార్లు."

"బొమ్మకి వేరే అవుద్దమ్మా."

నేను బేరానికి గొంతు సవరించుకున్నా. కోటమ్మ ముందే అందుకుంది. "వేరే ఎందుకు? బొమ్మలో అక్షరాలెన్ని ఉన్నాయి? ఒక్కటీ లేదు. అక్షరానికే కదా నీ రేటు."

ఆయన కుంచె రంగులో ముంచాడు. బొమ్మ ఊరికే వేశాడు. నలభై ఏళ్ళ నా విద్య ఆ గోడ ముందు తలదించుకుంది.

యాదగిరి సారు ఆ బొమ్మని ఫొటో తీసుకున్నాడు. "మా బడి గోడకి గిదే ఏయిస్త. మా తాన ఏ కొట్టోడు అడ్డమొస్తడో సూద్దాం," అని బస్సెక్కాడు.

కీసర: వంతెన మీద

తిరుగు బస్సు కీసర టోల్‌గేటు దగ్గర ఆగి ఉండగా ఫోను మోగింది. మామయ్య.

"ఎక్కడున్నావు కోడలా?"

"కీసర."

"అదే... ఆ గోడ చూశాలే. నందిగామ బజారులో పని చూసుకుని తిరిగి పోతూ కారాపి చూశా. బొమ్మ బావుంది." కాసేపు దగ్గాడు. "ఒక మాట. ఆ ఆఖరి లైను మా బోర్డు మీద కాస్త చిన్నక్షరాల్లో రాయిస్తే? కింద, ఒక మూలకి?"

"అన్నీ ఒకే సైజు మామయ్యా."

"మరీ మొండికేస్తావేంటే! సగం సైజు."

"ఒకే సైజు," అని పెట్టేశా.

బస్సు కదిలి వంతెన ఎక్కింది. కింద మున్నేరు, వెడల్పుగా, సగం ఇసక, సగం నీళ్ళు. పైనుంచి చూస్తే తేటగానే ఉంది. పైనుంచి చూస్తే అన్నీ తేటగానే ఉంటాయి. అందుకే పిల్లలు మోకాళ్ళ లోతున దిగి చూసేది. ఫోను మళ్ళీ మోగింది. ఎత్తలేదు. రెండోసారి మోగినప్పుడు ఎత్తితే కొనేవాడు లోకువ. అది మాత్రం మా బజారులో నేర్చుకున్నదే.

సీతాఫలాలు ఇంటికి తెచ్చి బియ్యంలో పెట్టా, గడ్డిలో పెట్టా. కోటమ్మ చెప్పినట్టే పండలేదు. నల్లబడి రాళ్ళయ్యాయి. ఒకటి మాత్రం పారెయ్యకుండా నా గల్లాపెట్టె మీద పెట్టుకున్నా.

పది రోజులకి విజయ ఫొటో పంపింది. జగ్గయ్యపేట, మామయ్య కొట్టు. కొత్త బోర్డు. అయిదు లైన్లూ ఒకే సైజు. నేనే వేలు పెట్టి కొలిచా, ఫోనులోనే. పక్కన ట్యాంకు బొమ్మ. మిగతా మూడు కొట్ల మీదా ఇంకా నా పాత బోర్డులే ఉన్నాయట. తర్వాత వాటి పని కూడా పడతా.

ఆ ఫొటోలో బోర్డు కింద ఒక ఆసామి నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా, మెడలో తువ్వాలు. వేలెత్తి ఆఖరి లైను చూపిస్తూ మామయ్య మీద అరుస్తున్నాడు, నోరు అంత తెరుచుకుని ఉంది. తిట్టనివ్వండి. రెండో చేతిలో గోనెసంచి ఉంది, సంచిలోంచి పచ్చ మూతలు కనిపిస్తున్నాయి. తనే మోసుకొచ్చాడు. గుమ్మం ఎక్కే తిడుతున్నాడు.